కార్మికబంధువు శ్రీ వరాహగిరి వేంకటగిరి

మన రాయచూరు రైలు స్టేషనునకు ఒక ప్రత్యేకత కలదు. 1871వ సంవత్సరమున బొంబాయి వైపునుండి వచ్చిన రైలుమార్గమును, మద్రాసు వైపునుండి వచ్చిన రైలుమార్గమును ఇచ్చటనే కలిసికొనినవి. ఒకటి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీది. రెండవది మద్రాసు రైల్వే కంపెనీది. ఆ కంపెనీల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఎండలో పట్టాలు మోసి పరచిన కూలీల పేర్లు మాత్రము నిలువలేదు.

ఆనాటినుండి ఈ జిల్లాలో పని యనునది పొలమునకే పరిమితము గాక నానావిధములుగ పెరిగినది. లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గనులలో నేలలోతునకు దిగి పనిచేయువారు కలరు. శక్తినగరములోని విద్యుత్కేంద్రమున బొగ్గు వేడిమి నడుమ పనిచేయువారు కలరు. ప్రత్తి జిన్నింగు మిల్లులలో పనిచేయు స్త్రీలు, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు హమాలీలు, దుకాణములలో లెక్కలు వ్రాయు గుమాస్తాలు, తుంగభద్ర కాలువల క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతపు క్యాంపులలో కూలికి పోవువారు ఎందరో కలరు. వీరిలో తెలుగు మాటలాడు కుటుంబములవారును అనేకులు. ఈ పత్రికను చదువుచున్న విద్యార్థులలో పెక్కురి తల్లిదండ్రులు ఇట్టివారే.

పనిచేయుచోట చిక్కులు కలుగుట సహజము. నెల గడచినను జీతము చేతికి రాదు. వచ్చిన దినమునకు హాజరు పడదు. యంత్రములో వ్రేలు నలిగినచో వైద్యపు ఖర్చు ఎవరిదో తేలదు. కారణము చెప్పకయే రేపటినుండి రావలదందురు. అప్పుడు ఇంటి పెద్ద ఏమి చేయవలెను? నోరు మూసికొని యుండుట మర్యాద యని కొందరందురు. రాళ్లు రువ్వుట పౌరుషమని మరికొందరందురు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన సామెత. కాని ఎట్లడుగవలెనో ఆ సామెత చెప్పదు. ఎట్లడుగవలెనను ఆ ఒక్క ప్రశ్నకే తన జీవితములో పెద్దభాగమును ధారపోసిన తెలుగు మహనీయుని కథను మేమీ వ్యాసమున చెప్పబూనితిమి. ఆయనయే భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి శ్రీ వరాహగిరి వేంకటగిరి.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురములో జన్మించిరి. వారి పూర్వులు గోదావరి జిల్లా చింతలపల్లినుండి అచ్చటికి వలసపోయినవారు. తండ్రి జోగయ్యపంతులుగారు పేరెన్నికగన్న న్యాయవాది, దేశభక్తుడు. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమమున పాల్గొని, మద్యపు దుకాణములయెదుట పికెటింగు జరిపి అరెస్టయిన ధీరురాలు. ఆనాడు బరంపురము మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగ ఏర్పడినపుడు అది ఆ రాష్ట్రమున చేరినది. అందుచే బరంపురపు తెలుగువారును మనవలెనే ఇరుగుపొరుగు భాషతో కలిసిమెలిసి బ్రతుకు అల్పసంఖ్యాకులైరి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరిన రాయచూరువారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

బరంపురములో చదువు ముగించుకొని, 1913లో గిరిగారు న్యాయశాస్త్రము నభ్యసించుటకై ఐర్లండు దేశపు రాజధానియగు డబ్లిను నగరమునకు పోయిరి. ఐర్లండు ఆనాడు మనవలెనే ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. గిరిగారు అడుగుపెట్టిన ఆ సంవత్సరముననే డబ్లినులో ఒక గొప్ప పోరాటము సాగినది. ట్రాము కంపెనీ యజమానియైన మర్ఫీ తన పనివారు యూనియనులో నుండరాదని ఆంక్ష పెట్టెను. తక్కిన యజమానులును అతనితో ఏకమై, యూనియనును విడిచితిమని వ్రాసి యిచ్చినగాని పనిలోనికి రానీయమని తలుపులు మూసివేసిరి. దీనినే లాకౌటు అందురు. సుమారు 20,000 మంది పనివారు నెలల తరబడి కూలి లేక, పిల్లలు పస్తులుండగా నిలిచి పోరాడిరి. 1914 ఆరంభమున ఆకలికి తాళలేక తిరిగి పనిలో చేరవలసివచ్చెను.

ఆ పోరాటమునకు జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ యనువారు నాయకులు. వారిలో కానలీ ప్రభావము గిరిగారిపై మిక్కిలిగ పడినది. కూలివాని కష్టమును దేశపు దాస్యమును వేర్వేరు కావనియు, రెండును కలిసియే తొలగవలెననియు కానలీ నమ్మిక. 1916 ఏప్రిల్‌లో ఐరిషువారు తిరుగుబాటు చేసిరి. అది అణగారిపోయినది. గాయపడి నిలువజాలని కానలీని కుర్చీకి కట్టి మే 12న కాల్చి చంపిరి. ఐరిషు దేశభక్తులతో గిరిగారికి గల చెలిమిని ప్రభుత్వము సహింపలేదు. ఆయన బారిష్టరు చదువు పూర్తి చేసికొనిన దినములలోనే దేశము విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చెను.

ఈ రెండేండ్ల ముందే, 1914లో, గిరిగారు లండనులో గాంధీమహాత్ముని దర్శించియుండిరి. కానలీవలన పనివారి ఐకమత్యమెంత బలమైనదో నేర్చిరి. గాంధీజీవలన ఆ బలమును చేయి యెత్తకయే ప్రయోగించు మార్గమును నేర్చిరి. వారి తరువాతి జీవితమంతయు ఈ రెండు పాఠముల కలయికయే.

స్వదేశమునకు వచ్చి వకీలు వృత్తి నారంభించిరి. అనిబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమమున చేరిరి. 1920లో సహాయనిరాకరణము నారంభింపుడని గాంధీజీ పిలుపునీయగా, చక్కగ సాగుచున్న వృత్తిని విడిచిపెట్టిరి. 1922లో మద్యపు దుకాణముల పికెటింగు కారణముగ జైలునకు పోయిరి. అటుపిమ్మట వారి చూపు రైలు పనివారి మీదికి మరలినది.

ఆ కాలమున కార్మిక సంఘమును స్థాపించుట ఎంత కష్టమో నేటి విద్యార్థులు ఊహింపజాలరు. 1918లో మద్రాసు నగరమున బి. పి. వాడియాగారు మద్రాసు లేబరు యూనియనును స్థాపించిరి. అది మనదేశమున క్రమబద్ధముగ నడచిన మొదటి కార్మిక సంఘములలో నొకటి. కొలదికాలమునకే మిల్లు యజమానులు ఆ సంఘ నాయకులమీద నష్టపరిహారమునకై దావా వేసిరి. హైకోర్టు నాయకులకు ప్రతికూలముగ ఇంజంక్షను ఉత్తరువు నిచ్చెను. అనగా పదిమంది పనివారు కలిసి కూలి పెంచుమని కోరుటయే వ్యాపారమునకు నష్టము కలిగించు నేరముగ ఎంచబడినది. ఈ అన్యాయమును తొలగింప 1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చువరకు, సంఘమునకు నాయకుడగుట యన ఇల్లువాకిలి పణముగ ఒడ్డుటయే.

గిరిగారు ప్రవేశించినది ఇట్టి దినములలో. కలకత్తానుండి వాల్తేరు వరకును, నాగపూరు వరకును వ్యాపించిన బెంగాల్ నాగపూరు రైల్వే వారి ఊరిమీదుగనే పోయెడిది. దాని పెద్ద కర్మాగారము ఖరగ్‌పూరులో నుండెను. బ్రతుకుదెరువునకై ఉత్తరాంధ్రమునుండి అచ్చటికి చేరిన తెలుగువారు వేలకొలది. నేటికిని ఖరగ్‌పూరు వీధులలో తెలుగు వినవచ్చును. ఒకే కర్మాగారములో బెంగాలీ, ఒరియా, హిందీ, తెలుగు మాటలాడువారు ప్రక్కప్రక్కన సుత్తి పట్టి పనిచేసెడివారు. భాషలు వేరైనను కూలి చీటి యొక్కటియే, దొర కోపమొక్కటియే. ఏ భాషవారికి ఆ భాషవారు వేరువేరుగ నిలిచినచో అందరును ఓడుదురని గిరిగారు గ్రహించిరి. అందరిని ఒకే సంఘమున చేర్చిరి. దేశములోని రైల్వే సంఘములన్నిటిని కలిపిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషనునకును వారు సంస్థాపకులలో నొకరు. పదేండ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగ నుండిరి.

బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ పొదుపు పేర పనివారిని తొలగింపసాగెను. పదేండ్లు, ఇరువదేండ్లు పనిచేసినవారు ఒక్క నోటీసుతో వీధిని పడుచుండిరి. అట్టివారి పక్షమున 1928లో గిరిగారి నాయకత్వమున సమ్మె జరిగెను. ఇందలి విశేషమును విద్యార్థులు గమనింపవలెను. సమ్మెలో నిలిచినవారిలో పెక్కురి ఉద్యోగములకు ఆనాడు ముప్పు లేదు. వారు తొలగింపబడిన తోడివారికొరకు తమ కూలిని వదలుకొనిరి. దౌర్జన్యమునకు దిగకుండ నిలిచిరి. తుదకు కంపెనీయును ప్రభుత్వమును దిగివచ్చి పనివారి కోర్కెలను అంగీకరింపవలసివచ్చెను. మనదేశపు కార్మికోద్యమ చరిత్రలో ఈ సమ్మె ఒక మైలురాయి.

ఈ మధ్యలో, 1926లో, గిరిగారు అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగ పోయిరి. 1929లో కార్మిక నాయకులలో భేదాభిప్రాయము లేచెను. కార్మికుల స్థితిగతులను విచారించుటకు బ్రిటిషు ప్రభుత్వము నియమించిన రాయల్ కమిషనుతో సహకరింపవలెనా వలదా యనునది అందలి ముఖ్యమైన తగవు. సాక్ష్యమిచ్చి మన గోడు వినిపించుటయే మేలని తలచిన ఎన్. ఎం. జోషీ, గిరి మొదలగువారు వేరుపడి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషనును స్థాపించిరి. గిరిగారు దానికి అధ్యక్షులు. ఈ చీలికవలన ఉద్యమము కొంతకాలము బలహీనపడిన మాట నిజము. తరువాత ఉభయులును తిరిగి ఏకమైరి. 1931లో లండనునందు జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమున గిరిగారు పారిశ్రామిక కార్మికుల తరపున కూర్చుండిరి.

1937 ఎన్నికలలో గిరిగారు బొబ్బిలి నియోజకవర్గమున బొబ్బిలి రాజావారినే ఓడించి మద్రాసు శాసనసభలో ప్రవేశించిరి. రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలకు మంత్రియైరి. నిన్నటిదాక యజమానుల గుమ్మమున నిలిచి అడిగినవారు నేడు అడుగబడు కుర్చీలో కూర్చుండిరి. 1939లో యుద్ధకారణమున కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేయగా గిరిగారును తప్పుకొనిరి. పిమ్మట జైలు, విడుదలైన కొన్నాళ్లకే, 1942లో, క్విట్టిండియా ఉద్యమమున మరల జైలు. 1945 వరకు వేలూరు, అమరావతి చెరసాలలలో నుండిరి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున తిరిగి కార్మికశాఖ చేపట్టిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1947నుండి 1951 వరకు గిరిగారు సింహళములో భారత హైకమిషనరుగ పనిచేసిరి. తేయాకు, రబ్బరు తోటలలో పనిచేయుటకై మన దక్షిణదేశమునుండి పోయినవారు అచ్చట లక్షలకొలది యుండిరి. 1948లో సింహళ ప్రభుత్వము చేసిన పౌరసత్వపు చట్టమువలన ఆ తోట కూలీలలో పెక్కురు ఏ దేశమునకును చెందనివారైరి. పొరుగుదేశమున, పరాయి భాష నడుమ, పనికి తప్ప మరి దేనికిని లెక్కింపబడని మనుజుల దైన్యమును గిరిగారు కన్నులార చూచిరి.

1952లో తొలి లోక్‌సభకు పాతపట్నమునుండి ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికశాఖామాత్యులైరి. ఇప్పుడు మనము ఈ కథలో ముఖ్యఘట్టమునకు వచ్చితిమి.

యజమానికిని పనివానికిని తగవు వచ్చినపుడు ప్రభుత్వము దానిని ట్రిబ్యునలు అను ప్రత్యేక న్యాయస్థానమునకు పంపుటకు 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము అధికార మిచ్చెను. చూచుటకిది మేలైన మార్గమే. కాని గిరిగారు దీనిని మెచ్చలేదు. పొలము గట్టు తగవుతో కోర్టుకెక్కిన అన్నదమ్ములను మన ఊళ్లలో చూచుచునే యున్నాము. తీర్పు వచ్చుసరికి ఏండ్లు గడచును. గెలిచినవాడు ఓడినవాని మొగము చూడడు. గట్టు తేలినను అన్నదమ్ముల పొత్తు చెడును. మిల్లులోను అంతే. తీర్పు మరునాడు యజమానియు పనివాడును ఒకే కప్పు క్రింద పనిచేయవలసినవారు గదా. అందుచే ఉభయులును ముందు ఎదురెదుర కూర్చుండి మాటలాడవలెను. కుదరనిచో రాజీ అధికారి నడుమనుండి మరల కూర్చుండబెట్టవలెను. అంతియేగాని బలవంతపు తీర్పును నెత్తిన రుద్దరాదు. ఇదియే గిరిగారి వాదము. దీనికి దేశమంతట గిరి పద్ధతి యని పేరు వచ్చెను. 1952 అక్టోబరున నైనితాలులో జరిగిన భారత కార్మిక మహాసభలో దీనిపై తీవ్రమైన చర్చ జరిగినది.

అందరును దీనిని ఒప్పుకొనలేదు. చిత్రమేమన కార్మిక నాయకులలోనే కొందరు ఎదురు చెప్పిరి. బలమైన సంఘము గలవారు బల్లయెదుట కూర్చుండి గెలువగలరు. సంఘమే లేని బీద కూలీలకు కోర్టు తప్ప దిక్కేది యని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలోను న్యాయము కలదు. ట్రిబ్యునళ్ల పద్ధతి నిలిచిపోయినది. గిరిగారి కోర్కె పూర్తిగ నెరవేరలేదు. కాని వారి ప్రత్యుత్తరము మరచిపోదగినది కాదు. కోర్టును నమ్ముకొన్న కూలీలు సంఘము కట్టుకొనుటయే మానివేయుదురు, అప్పుడు వారి బలహీనత శాశ్వతమగునని వారి భయము.

కోర్టు తీర్పులయెడ ఇంత అయిష్టత గల గిరిగారే, ఒకసారి వెలువడిన తీర్పును నిలబెట్టుటకై పదవిని వదలుకొనుట ఆశ్చర్యకరము. బ్యాంకు ఉద్యోగుల జీతముల తగవు ఏండ్ల తరబడి ట్రిబ్యునళ్ల చుట్టు తిరిగి, 1954లో లేబరు అప్పీలు ట్రిబ్యునలు తీర్పుతో ముగిసినట్లయ్యెను. కాని బ్యాంకులకు భారమగునని తలచి, ఆ సంవత్సరము ఆగస్టులో ప్రభుత్వము ఆ తీర్పును మార్చి ఉద్యోగులకు రావలసినదానిని తగ్గించెను. న్యాయస్థానమునకు పొండని చెప్పినది ప్రభుత్వమే. అచ్చట వచ్చినదానిని కోసివేసినదియు ప్రభుత్వమే. ఇక పనివాడు ఎవరి మాట నమ్మవలెను? గిరిగారు ఈ నిర్ణయముతో ఏకీభవింపలేక కేంద్రమంత్రి పదవికి రాజీనామా చేసిరి. వారు సమ్మె చేయింపలేదు, నిందలు పలుకలేదు. లేచి బయటికి వచ్చిరి.

ఆ రాజీనామా వృథా పోలేదు. ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించినది. న్యాయమూర్తి గజేంద్రగడ్కరుగారు దాని పని పూర్తిచేసిరి. వారి సిఫారసుల ననుసరించి 1955లో పార్లమెంటు చట్టము చేసి, అప్పీలు ట్రిబ్యునలు తీర్పును కొన్ని మార్పులతో తిరిగి అమలులోనికి తెచ్చెను. మంత్రి కుర్చీ పోయినది, మాట నిలిచినది.

1957నుండి గిరిగారు వరుసగ ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగ నుండిరి. మైసూరు గవర్నరుగ 1965నుండి 1967 వరకు పనిచేసిరి. ఆనాటికి మన జిల్లా మైసూరు రాష్ట్రములోనిదే గనుక, ఈ తెలుగు కార్మికనాయకుడు రెండేండ్లపాటు రాయచూరువారికిని గవర్నరే. 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్‌హుస్సేనుగారు మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతియైరి. తరువాత జరిగిన ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగ నిలిచిరి. ప్రత్యర్థి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు. మొదటి లెక్కింపులో ఎవరికిని సగము దాటలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. స్వతంత్ర అభ్యర్థిగ గెలిచి రాష్ట్రపతియైనవారు నేటివరకు ఆయన యొక్కరే. ఈ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టున దావా వేయగా, రాష్ట్రపతియై యుండియు గిరిగారు స్వయముగ కోర్టునకు పోయి సాక్ష్యమిచ్చిరి. కోర్టు వారి ఎన్నికను సమర్థించెను.

మహనీయుల చరిత్రలో మెచ్చదగినవానినే చెప్పి తక్కినవి దాచుట న్యాయము కాదు. 1974 మే నెలలో దేశవ్యాప్తముగ రైలు కార్మికులు సమ్మె చేసిరి. దానికి నడుము కట్టినవారిలో గిరిగారు పూర్వము నిర్మించిన రైల్వేమెన్ ఫెడరేషనే ముఖ్యమైనది. కేంద్రప్రభుత్వము సమ్మెను కఠినముగ నణచెను. వేలకొలది కార్మికులు జైళ్లకు పోయిరి. ఎందరో ఉద్యోగములు కోల్పోయిరి. అప్పుడు రాష్ట్రపతి పీఠమున నున్నది గిరిగారే. రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా మేరకు నడువవలసినవాడు. అయినను 1954లో లేచి వచ్చిన గిరిగారు 1974లో లేచి రాకపోయిరని విచారించినవారు కలరు. మంత్రివర్గమునకు ఎదురాడని రాష్ట్రపతి యను విమర్శ వారిపై నిలిచియే యున్నది. పెద్ద కుర్చీ మనిషి చేతులను కట్టివేయు ననుటకు ఇదియొక నిదర్శనము.

ఆ సంవత్సరము ఆగస్టున గిరిగారు పదవీవిరమణ చేసిరి. 1975లో భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్ 24న మద్రాసులో పరమపదించిరి. కార్మిక సమస్యలపై పరిశోధన జరుపు జాతీయ కార్మిక సంస్థకు 1995లో వారి పేరు పెట్టిరి. ఆ సంస్థ ఢిల్లీ చెంత నోయిడాలో కలదు.

ఇక ఈ జీవితమునుండి మనము ఇంటికి కొనిపోదగినదేమి?

మొదటిది: అడుగుట తప్పు కాదు. చేసిన పనికి కూలి అడుగుట యాచన కాదు. రెండవది: ఒంటరిగ కాక కలిసి యడుగవలెను. తెలుగువాడు తెలుగువానితోనే కాక, ప్రక్కన బస్తా మోయు కన్నడ సోదరునితో, ఉర్దూ మాటలాడు మేస్త్రీతో కలిసి యడుగవలెను. మూడవది: ముందు మాట, పిదప మధ్యవర్తి, ఆ పిదపనే తక్కినవి. యజమానికి వ్రాతమూలకముగ చెప్పి నకలు దాచుకొనవలెను. వినకున్నచో కార్మికశాఖ అధికారికి అర్జీ ఇవ్వవలెను. గిరిగారి కాలపు చట్టములతో సహా 29 కేంద్ర కార్మిక చట్టములను పార్లమెంటు 2019, 2020 సంవత్సరములలో నాలుగు స్మృతులుగ కూర్చినది. వానిలోను రాజీ అధికారికి స్థానము కలదు. కోర్టునకు పోవలసివచ్చినచో, 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, పారిశ్రామిక కార్మికులకును ఉచిత న్యాయసహాయము లభించును. పనిచోట స్త్రీలకు అవమానము జరిగినచో విచారించుటకు, పదిమంది లేక అంతకుమించి పనిచేయు ప్రతిచోట ఒక సంఘము నేర్పరుపవలెనని 2013 చట్టము విధించినది.

నాలుగవది విద్యార్థులకే ప్రత్యేకము. మన తల్లిదండ్రులలో పెక్కురు తెలుగు మాత్రమే చదువగలరు. కొందరు అదియు చదువలేరు. మిల్లు గోడమీది నోటీసు కన్నడమున నుండును. సంతకము పెట్టుమని యిచ్చు కాగితము ఇంగ్లీషున నుండును. అందేమున్నదో తెలియక వ్రేలిముద్ర వేసి వచ్చుటవలననే ఎన్నో హక్కులు చేజారిపోవుచున్నవి. మనము పాఠశాలలో తెలుగుతోపాటు కన్నడమును, ఇంగ్లీషును నేర్చుచున్నాము. మూడు భాషలు నేర్చుట భారమని విసుగుకొనువారు ఒక్కసారి ఆలోచింపవలెను. ఈ సాయంకాలము ఇంటికి పోయి, నాన్నగారి జీతపు చీటియో, అమ్మగారి హాజరు పుస్తకమో తీసి, దీపము దగ్గర కూర్చుండి, అందలి ప్రతి పంక్తిని వారికి తెలుగున చదివి వినిపింతము. పనిచేసిన దినములెన్ని, వ్రాసిన దినములెన్ని, పట్టుకొనిన సొమ్మెంత, అది ఎందుకు పట్టిరి అని కలిసి లెక్క చూతము. లెక్క సరిపోయినచో సంతోషము. సరిపోనిచో, రేపు ఉదయమున ఏమి యడుగవలెనో ఆ యింటివారికి తెలిసియుండును.

బరంపురపు తెలుగు ఇంటిలో పుట్టి, పలు భాషల కార్మికుల గొంతుకయైన గిరిగారికి మనమీయగల నివాళి ఇదియే.